మా తాత పేరు అప్పన్న: దానికి ‘ఆపదలో పడ్డవాడు’ అని అర్థమా?

మీ ప్రశ్న టూకీగా ఇది. మీది రాయగడ. మొదటి సంతానం అబ్బాయి. మీ నాన్నగారికి తన తండ్రి పేరు అప్పన్న నిలబెట్టాలని కోరిక. నెట్‌లో చూస్తే ఒకచోట ‘తండ్రి’ అని, ఇంకోచోట ‘అన్నయ్య’ అని, మరోచోట ‘ఆపదలో పడినవాడు’ అని అర్థాలు రాశారు. బరంపురంలో మీ అత్తవారు ఆ మూడోది చూసి వద్దంటున్నారు. ఒడియా స్నేహితులేమో పేరు వినగానే నవ్వుతున్నారు. ఏది నిజం, పెట్టవచ్చా, పెడితే కాగితాల్లో ఎలా రాయించాలి అని అడిగారు.

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. ఆపదకీ ఈ పేరుకీ చుట్టరికం లేదు. సంస్కృతంలో ‘ఆపన్న’ అని వేరే మాట ఉంది. దానికి మొదటి అక్షరం దీర్ఘం, పకారానికి ఒత్తు లేదు. పేపర్లలో ‘ఆపన్నహస్తం అందించారు’ అని రాస్తారే, అది. అసలు అర్థం ‘పొందిన’ అని. కష్టాన్ని పొందినవాడు అనే అర్థంలో వాడుక బలపడింది. గర్భిణిని సంస్కృతంలో ‘ఆపన్నసత్త్వ’ అంటారు, కాబట్టి ఆ మాట కూడా మరీ అంత అశుభమైనదేం కాదు. కానీ మన అప్పన్న సంస్కృతం నుంచి వచ్చిన పేరే కాదు. ఇంగ్లీషులో ఒకే పీ వేసి రాసిన పేరును ఎవరో సంస్కృత నిఘంటువులో వెతికి, దొరికిన దాన్ని పెట్టేశారు. పిల్లల పేర్ల వెబ్‌సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకుంటాయి. అక్కడ చూసిన అర్థాన్ని బట్టి తాతగారి పేరు వదులుకోవడం అన్యాయం.

ఒడియా వాళ్ళ నవ్వుకు మాత్రం కారణం ఉంది. వాళ్ళ భాషలో ‘ఆపణ’ అంటే ‘మీరు’, గౌరవంగా పిలిచే మాట. ‘ఆపణా’ అంటే ‘తన, సొంత’. నేను ఈ సరిహద్దు బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి; ఆ నవ్వు బాగా ఎరుగుదును. ఒడియా మాస్టారు హాజరు పిలుస్తూ ‘ఆపణా!’ అనగానే వెనక బెంచీలోంచి ఎవడో ‘సార్, మీరా?’ అనేవాడు. అసలు అప్పన్న లేచి నిలబడి ‘ప్రెజెంట్’ అనేసరికి క్లాసంతా గోల. ఆ కుర్రాడి కాగితాలు చూస్తే ఇంకా తమాషా. ప్రైమరీ స్కూలు టీసీలో ‘ఆపణా’, మా రిజిస్టరులో ‘ఆపన్నా’, వాళ్ళమ్మ కొంగున కట్టుకొచ్చిన రేషన్ కార్డులో ‘అపనా’. మనిషి ఒక్కడే. వాళ్ళమ్మకు మూడూ ఒకటే: ‘అప్పన్నబాబు పేరండీ, ఎలా రాస్తే ఏటి?’ అంది.

దీనికి లిపి కారణం. ఒడియాలో హ్రస్వ అకారాన్ని పెదవులు గుండ్రం చేసి ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు. జగన్నాథుడి పేరు వాళ్ళ నోట ‘జొగొన్నాథొ’ అన్నట్టు వినిపించేది అందుకే. మనం ‘అప్పన్న’ అని చెప్తే రాసుకునే గుమస్తా, తన ‘అ’తో రాస్తే ‘ఒప్పొన్నొ’ అవుతుంది కదా అని ‘ఆ’ వేస్తాడు. ఒత్తును తేలిగ్గా తీసుకుంటాడు. అక్కడితో తెలుగు పేరు కాస్తా సంస్కృతపు ఆపన్న అయినా అవుతుంది, ఒడియా ఆపణా అయినా అవుతుంది.

ఇక పేరులోకి వద్దాం. ‘అప్ప’, ‘అన్న’ రెండూ చుట్టరికాల మాటలే. ‘అన్న’ సంగతి అందరికీ తెలుసు. చిక్కంతా ‘అప్ప’తోనే. శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి వైపు మన ఇళ్ళలో అప్ప అంటే అక్క. ‘మా అప్ప, బావ వచ్చారు’ అంటాం. మరి మగవాడి పేరులో అక్క ఎందుకుంది అని కుర్రాళ్ళకు అనుమానం రావడం సహజం. కన్నడంలో అప్ప తండ్రి, తమిళంలో అప్పా తండ్రి. రాయలసీమలో తిమ్మప్ప, నారాయణప్ప అని పేర్ల చివర చేరుతుంది. ‘ఏమప్పా’ అని పలకరింపులోనూ నిలిచింది. పాత తెలుగు నిఘంటువుల్లో అప్పకు తండ్రి అనీ, అక్క అనీ రెండు అర్థాలూ కనిపిస్తాయి. అంటే ‘ఇంట్లో పెద్దవాళ్ళు’ అనే గౌరవం అడుగున ఉంది. ఆ పెద్ద ఎవరన్నది ఊరిని బట్టి మారింది. మన భాషలో చుట్టరికాల మాటలు ఇలా స్థానాలు మారడం మామూలే. అవ్వ అంటే తెలంగాణలో తల్లి, సీమలో నాయనమ్మ. బాబు అంటే బెజవాడలో చంటివాడు, శ్రీకాకుళం పల్లెలో కన్నతండ్రి. కాబట్టి వాడుకలో అప్ప అక్కగా మిగిలినా, పేర్లలో మాత్రం పాత అర్థం, అంటే తండ్రి, అలాగే గడ్డకట్టి ఉండిపోయింది.

రెండో సగం ‘అన్న’. దీన్ని విడిగా ‘అన్నయ్య’ అని అర్థం చెప్పడం నాకు అంతగా రుచించదు. తెలుగు పేర్లలో అన్న ఒక గౌరవ ప్రత్యయం: రామన్న, మల్లన్న, సూరన్న. కవుల పేర్లు చూడండి: తిక్కన, ఎర్రన, పోతన, కేతన. వీటి చివర ఉన్న ‘అన’ కూడా ఈ అన్న కుదించుకుపోయిన రూపమే. తిక్కన్న ఎవరికి అన్నయ్య అని మనం అడగం కదా. అలాగే అప్పన్న అంటే ‘అప్పగారు’ అన్నట్టు, తండ్రి వంటి పెద్దను గౌరవంగా పిలిచే పిలుపు. ‘తండ్రివీ నువ్వే, అన్నవూ నువ్వే స్వామీ’ అని భక్తులు చెప్పుకునే వివరణ మాత్రం వేరు. అది భాషాశాస్త్రం కాదు, భక్తి. భక్తిలో అది చాలా సబబైన మాటే. ఆ పేరు మీ ఇంటికి వచ్చింది ఆ దారినే అయివుంటుంది గనుక దాన్ని కొట్టిపారేయకూడదు.

ఆ దారి సింహాచలం. మన వైపు అప్పన్న అంటే ముందు మనిషి కాదు, దేవుడు. శాసనాల్లో ఆయన నరసింహనాథుడు. పూజారుల సంకల్పంలో శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామి. రైలు దిగి మెట్లెక్కే జనం నోట సింహాద్రి అప్పన్న. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండి, వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయకు, ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. స్తంభం చీల్చుకొచ్చిన ఉగ్రమూర్తిని అప్పన్న అని ఇంటి పెద్దను పిలిచినట్టు పిలవడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మా ఊరు ఒడిశాలో ఉంది, సింహాచలం ఆంధ్రలో ఉంది, తాతకు ఆ పేరెందుకు పెట్టారు అని కూడా మీరు రాశారు. దీనికి జవాబు భక్తి కంటే పరిపాలనలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే వరకూ జయపురం జమీందారీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. రాయగడ, గుణుపురం, కోరాపుట్ అన్నీ ఆ జమీందారీలోవే. అంటే అప్పట్లో మీ రాయగడా, సింహాచలం కొండా ఒకే జిల్లా. మీ తాతగారు 1936కు ముందు పుట్టినవారైతే ఆయన పేరు పరాయి రాష్ట్రపు దేవుడిది కాదు, సొంత జిల్లా దేవుడిది. పర్లాకిమిడి, బరంపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే, గంజాం జిల్లా. గీత తరవాత పడింది, పేర్లు ముందే ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, ఆ గుడికీ ఒడిశాకూ ఉన్న బంధం మరీ గట్టిది. గుడిలో దొరికిన పాత శాసనం కులోత్తుంగ చోళుడి కాలానిది, 11వ శతాబ్దం చివరిది. కానీ ఇప్పుడు మనం చూస్తున్న రాతి కట్టడానికి ముఖ్యకారకులు 13వ శతాబ్దపు తూర్పు గాంగులు. కోణార్క సూర్యదేవాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడి పేరే ఇక్కడా వినిపిస్తుంది. తరవాత ఒడిశాను ఏలిన గజపతులు మాన్యాలిచ్చారు. ఆ గజపతుల మీద దండెత్తి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు కూడా 1516లో, మళ్ళీ 1519లో ఇదే దేవుడికి కానుకలిచ్చి శాసనాలు వేయించాడు. కొట్టుకున్న రాజులిద్దరూ మొక్కిన దేవుడు గనుక ఆయన పేరు రెండు భాషల్లోనూ నాటుకుంది.

రెండు భాషల్లోనూ అని ఊరికే అనలేదు. మీ అత్తవారిది బరంపురం కదా, అక్కడ ‘సీమాంచల్’, ‘సీమాంచళ’ అనే ఒడియా మగపేరు వీధికొకరికి ఉంటుంది. పండాలు, పాత్రోలు, నాయక్‌లు, సాహులు, అన్ని ఇళ్ళలోనూ. చదువుకున్న పిల్లలు దాన్ని సీమ, అంచల్ అని విడగొట్టి ‘సరిహద్దు ప్రాంతం’ అని అర్థం చెప్తారు. గంజాం సరిహద్దు జిల్లా కావడంతో అది నిజమే అనిపిస్తుంది కూడా. కానీ అది సింహాచలమే. ‘సింహాచల’ నోట్లో నలిగి సీమాంచల అయింది. బిహార్‌లో సీమాంచల్ అని పిలిచే ప్రాంతానికీ దీనికీ సంబంధం లేదు. మీ ఒడియా స్నేహితుల్లో సీమాంచల్ ఒకడైనా ఉండకపోడు. వాడి పేరూ మీ అబ్బాయి పేరూ ఒకే కొండ మీద ఒకే దేవుడివని ఈసారి నవ్వినప్పుడు చెప్పండి.

అసలు మన ప్రాంతంలో మగపేర్లు వింటే గుళ్ళ పటం చూసినట్టే ఉంటుంది. కూర్మయ్య, కూర్మారావు అంటే శ్రీకూర్మం. ముఖలింగం అంటే వంశధార ఒడ్డున శ్రీముఖలింగం. జగన్నాథం, జగన్నాయకులు, జగ్గారావు పూరీ వైపు చూపిస్తాయి. సింహాచలం అనే పేరైతే మగవాళ్ళకీ ఉంది, ఆడవాళ్ళకీ ఉంది. కొండ ప్రాంతాల్లో ఇంకో పద్ధతి ఉంది: బుద్రా, మంగళా, శుక్రా అని పుట్టిన వారాన్ని బట్టి పెట్టడం. అప్పన్న ఆ కోవలోది కాదు, మొక్కుతో వచ్చే పేరు.

మొక్కు ఎలా ఉంటుందంటే, కడుపు పండకపోయినా, పుట్టిన బిడ్డలు దక్కకపోయినా, ఇంట్లో పెద్దామె పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి దేవుడి మూల దాస్తుంది. ‘అప్పన్నా, నీ పేరెట్టుకుంటాం, బిడ్డను నిలబెట్టు’ అని ఒక్క మాట. బిడ్డ నిలిస్తే పుట్టువెంట్రుకలు ఇంట్లో తీయరు, కొండకే తీసుకెళ్తారు. గుడిలో ఉన్న కప్పస్తంభం అనే రాతి స్తంభాన్ని తల్లి కౌగలించుకుంటుంది. అది సంతాన గోపాల యంత్రం మీద ప్రతిష్ఠించినదని నమ్మకం. రైతు కుటుంబమైతే కోడెదూడను కూడా సమర్పిస్తారు. ఇంత జరిగాక ఆ పిల్లవాడికి పేరు వెతకడం అనే మాటే ఉండదు. బిడ్డలు పోయిన ఇళ్ళలో పెంటయ్య అని పెట్టేది చావుకు కన్ను కుట్టకుండా. అప్పన్న అని పెట్టేది ఇచ్చినవాడి గుర్తు పోకుండా.

ఈ పేరుకు పిల్లపేర్లు బోలెడు. అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసయ్య, అప్పలాచార్యులు, అప్పన్నదొర, ఆడపిల్లలకు అప్పలమ్మ, అప్పలనరసమ్మ, అప్పలకొండ. ఇందులో ‘అప్పల’ను చూసి కొందరు పిండివంట అప్పాలనుకుంటారు, ఇంకొందరు చేబదులు అప్పులనుకుంటారు. ‘అప్పలు’ అనే గౌరవ బహువచనం నుంచి ‘అప్పల’ వచ్చిందని నా అభిప్రాయం. తాతలనాటి అన్నట్టు అప్పల స్వామి. కులాన్ని బట్టి తోక మారుతుంది, తల మాత్రం అదే. నేను చూసిన రిజిస్టర్లలో సాగు చేసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు, పురోహితులు, కొండదొరలు అందరిలోనూ ఉంది. ఒక కులానికి కట్టుబడని పేరు మన దగ్గర అంత తేలిగ్గా దొరకదు.

అయితే ప్రతి అప్పన్నా సింహాద్రి అప్పన్న కాడు. ఇది కూడా తెలుసుకోవాలి. కన్నడ దేశంలో ‘అప్పణ్ణ’ అంటే వెంటనే గుర్తొచ్చేది హడపద అప్పణ్ణ. 12వ శతాబ్దంలో కల్యాణ నగరంలో బసవన్నకు ఆంతరంగికుడు, తమలపాకుల సంచి పట్టుకునే కొలువు చేసిన శివశరణుడు. అక్కడ క్షురక వృత్తివారు ఆయన్ను తమ వంశపురుషుడిలా కొలుస్తారు. అది పక్కా శైవం, మనది వైష్ణవం, మాట ఒక్కటే. తమిళ దేశంలో 16వ శతాబ్దపు అద్వైత పండితుడు అప్పయ్య దీక్షితులు కూడా ఈ అప్ప వారసుడే. మరాఠీలోకి ఇది గౌరవవాచకంగా వెళ్ళింది: 1739లో పోర్చుగీసుల దగ్గర వసై కోట గెలిచిన చిమాజీ అప్పా, 1817లో సీతాబర్డీలో ఇంగ్లీషువాళ్ళతో తలపడ్డ నాగపూర్ అప్పాసాహెబ్ భోంస్లే. మహారాష్ట్రలో గడ్చిరోలి, సిరొంచ వైపు ఉన్న తెలుగువాళ్ళు అప్పా అని విన్నప్పుడు వాళ్ళకు తట్టేది ఈ మరాఠీ అప్పా. అప్పారావు సంగతీ అంతే. నూజివీడు జమీందార్లకు అది వంశపు పేరులా నడిచింది, దానికి సింహాచలంతో పని లేదు.

కాబట్టి ‘అప్పన్న’కు అర్థం ఏమిటి అన్న ప్రశ్నను నేనైతే ‘మా అప్పన్నకు అర్థం ఏమిటి’ అని మార్చి, నిఘంటువును పక్కనపెట్టి ఇంట్లో పెద్దవాళ్ళను అడుగుతాను. తాతగారి అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ళ పేర్లు కాగితం మీద రాయించండి. వాటిలో నరసింహులు, సింహాచలం, అప్పలనర్సమ్మ, లక్ష్మీనరసమ్మ లాంటివి ఉంటే ఇక సందేహం లేదు. ఇంట్లో పిల్లల పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు, దేవుడి గూట్లో ఏ స్వామి పటం ఉంది అని చూడండి. మీ నాన్నగారి మేనత్తలు ఎవరైనా ఉంటే వాళ్ళను తప్పకుండా అడగండి. మొక్కుల సంగతులు మగవాళ్ళకు తెలియవు.

అత్తవారి అభ్యంతరం ఉత్త అర్థం గురించే కాకపోవచ్చు. పేరు పాతగా ఉందనే మాట లోపల ఉండి ఉంటుంది. దానికి మన పెద్దవాళ్ళు ఎప్పుడో దారి చూపించారు. కోడలు మామగారి పేరు నోటితో పలకదు. మనవడికి ఆ పేరే పెట్టాక మరి ఎలా పిలుస్తుంది? అందుకే తాత పేరున్న పిల్లలను ఇంట్లో బాబు అనో, తాతబాబు అనో, చినబాబు అనో పిలిచేవారు. ప్రతి అప్పన్నకూ ఒక పిలుపు పేరు ఉండేది. మీరూ అలాగే చేయండి. మీ ఆవిడకు నచ్చిన చిన్న పేరు పిలవడానికి, తాతగారి పేరు నామకరణం నాడు బియ్యంలో రాయడానికి. రికార్డులో రెండూ కలిపి పెట్టుకున్నా బాగానే ఉంటుంది. ఉత్త అప్పన్న మరీ చిన్నగా ఉందనిపిస్తే సింహాద్రి అప్పన్న అని పూర్తిగా పెట్టుకోండి.

ఇక కాగితాలు. తొందరపడి ఆసుపత్రిలోనే ఏదో ఒకటి రాయించనక్కర్లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండా పుట్టుకను నమోదు చేయించి, పేరు తరవాత చేర్చుకోవచ్చు. ఏడాది లోపు ఫీజు లేకుండా, ఆ తరవాత 15 ఏళ్ళ వరకూ కొద్దిపాటి ఫీజుతో. ఇంగ్లీషులో రెండు పీలు, రెండు ఎన్‌లు తప్పనిసరి. ఒక్క పీ తగ్గిందంటే మళ్ళీ ‘ఆపన్న’ గొడవ మొదటికొస్తుంది. ఒడియాలో మొదట ‘అ’ వేయాలా ‘ఆ’ వేయాలా అన్నది మీ ఇష్టం. ‘ఆ’ వేస్తేనే వాళ్ళ నోట మన పలుకుకు దగ్గరగా వస్తుంది. పకారం కింద ఒత్తు మాత్రం పట్టుబట్టి వేయించండి. చివర ‘న’కారానికే ఒత్తు, ‘ణ’కారం రానీయకండి, ఈ రెండు జాగ్రత్తలతో ఆపణా అని చదివే వీలు పోతుంది. నోటితో చెప్తే గుమస్తా తనకు వినిపించిందే రాస్తాడు, కాబట్టి చీటీ మీద ముందే ఒడియాలో, ఇంగ్లీషులో రాసి తీసుకెళ్ళండి. జనన ధ్రువపత్రంలో ఏ అక్షరాలు పడితే ఆధార్‌లోనూ, బడిలోనూ అవే పడేలా చూసుకోండి. పదో తరగతి ఫారం నింపే రోజున ఈ తేడాల కోసం తిరిగిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

పుట్టువెంట్రుకలకు కొండకు వెళ్ళాలనుకుంటే రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైలు ఉంది. చందనోత్సవం నాడు, ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణ రోజుల్లో మాత్రం చంటిబిడ్డతో బయల్దేరకండి. ఆ జనంలో పెద్దవాళ్ళకే ఊపిరాడదు. మామూలు వారం చూసుకుని, తెల్లవారేసరికి అక్కడ ఉండేలా వెళ్ళండి.